గడప దాటని కొలువు

పాఠ్యభాగ పరిచయం

ఇల్లు ఒకచోట, పని మరొకచోట ఉండటం నేడు మనకు సహజంగా తోస్తుంది. కాని ఇది చరిత్రలో ఇటీవలి ఏర్పాటు. అంతకుముందు ఎన్నో తరాల పాటు మనిషి ఇంట్లోనే పనిచేశాడు. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు లక్షలాది ఉద్యోగుల కొలువు తిరిగి ఇంటికే వచ్చింది. ఇంట్లో చేసే పనివల్ల కలిగే మేలేమిటి, కీడేమిటి, ఆ పనిని ఎరుకతో చేయడం ఎలా అన్న విషయాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

పాఠం

మగ్గమున్న ఇల్లు

పూర్వం మన పల్లెల్లో చేతివృత్తులవారికి 'పనికి వెళ్లడం' అనే మాటతో అవసరం ఉండేది కాదు. కుమ్మరి సారె వాకిట్లోనే తిరిగేది. కంసాలి కుంపటి వసారాలోనే రాజుకొనేది. నేతగాని మగ్గం ఇంటి నడుమనే ఉండేది. పిల్లలు ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవారు, ఆ చప్పుడు వింటూనే మేల్కొనేవారు. తెలుగు నేతగాళ్లు షోలాపూర్, భీవండి, బరంపురం వంటి ఊళ్లకు వెళ్లి స్థిరపడినప్పుడు తమ భాషతోపాటు ఈ ఇంటి మగ్గపు బ్రతుకును కూడా వెంట తీసుకొని వెళ్లారు.

ఈ బ్రతుకు పూర్తిగా గతించినది కాదు. 2019-20లో జరిగిన చేనేత గణన ప్రకారం, మన దేశంలో 31 లక్షలకు పైగా కుటుంబాలు నేతలోను, దాని అనుబంధ పనులలోను ఉన్నాయి. నేసేవారిలో నూటికి 72 మంది స్త్రీలు. వీరిలో అధికసంఖ్యాకులకు ఇల్లే పనిచోటు.

గుంటమగ్గాన్ని చూసినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. నేలలో మోకాటి లోతున ఒక గుంట ఉంటుంది. నేతగాడు గుంట అంచున కూర్చొని, కాళ్లు లోపలికి దింపి, తొక్కుడు కర్రలను తొక్కుతాడు. ఒక చేత్తో నాడెను ఆడిస్తాడు. మరొక చేత్తో పలకను లాగి పేకను బిగిస్తాడు. పక్కనే ఇంటి ఆడవారు రాట్నం మీద కండెలు చుడుతుంటారు. పని ముగియగానే అతడు కాళ్లు పైకి తీసుకొని గుంటలోనుంచి లేస్తాడు. ఆ లేవడంతో నేతగాడి పని ముగుస్తుంది. తండ్రి, భర్త, ఇరుగుపొరుగువాడు అయిన మనిషి మళ్లీ ఇంట్లోకి వస్తాడు.

ఇల్లే పనిచోటైనప్పటికీ ఆ పనికి కొన్ని సహజమైన హద్దులుండేవి. మొదటిది వెలుతురు. సన్నని నూలుపోగు తెగితే కంటికి కనిపించాలి. పొద్దు వాలిన తరువాత అది కష్టం. రెండవది పనిలోని మార్పు. నేత అంటే ఎప్పుడూ కూర్చొని చేసే పని కాదు. తెల్లవారుజామున వీధిలో పొడవాటి పడుగును చాచి కట్టి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వవలసి ఉంటుంది. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు వారు వచ్చి చేయి కలపాలి. ఆ విధంగా గుంటలో కూర్చొనే మనిషి వీధిలోకి వచ్చి, లేత ఎండలో నడిచి, నలుగురితో మాటలాడేవాడు. మూడవది విరామం. అమావాస్యనాడు పనిముట్టు పట్టరాదన్న ఆచారం చేతివృత్తుల వారిలో చాలాచోట్ల ఉంది. దసరా సమయంలో ఆయుధపూజనాడు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి, ఆ రోజు వాటిని కదపరు. పనిముట్టుకు విశ్రాంతి ఇవ్వడమంటే దానిని పట్టే చేతికి విశ్రాంతి ఇవ్వడమే.

అయితే ఆ రోజులను బంగారు రోజులని పొగడటం సత్యం కాదు. పండుగ ముందు, పెళ్లిళ్ల కాలంలో దీపం పెట్టుకొని రాత్రింబవళ్లు నేసినవారున్నారు. వంగి కూర్చోవడం వల్ల నడుము, మోకాళ్లు పట్టేసేవి. చూపు త్వరగా మందగించేది. భార్య చుట్టిన కండెలకు, పిల్లవాడు అందించిన సాయానికి వేరే కూలి ఉండేది కాదు. ఇంట్లో జరిగే పని ఇంటిపనిలో కలిసిపోయి లెక్కకు రాకుండా పోవడం ఆనాడే ఉంది.

చేటలోని లెక్క

ఇంటి పనిలోని కష్టం మరింత స్పష్టంగా కనిపించేది బీడీల పనిలో. షోలాపూర్ తెలుగు వాడలలో తరతరాలుగా స్త్రీలు ఈ పని చేస్తున్నారు. కంపెనీ నుంచి తునికాకు, పొగాకు, దారం తెచ్చుకొంటారు. ఆకును నానబెట్టి, కొలతకు కత్తిరించి, ఒడిలో చేట పెట్టుకొని, పొగాకు నింపి చుట్టి, దారం కట్టి, కొనలు మడుస్తారు. కూలి గంటలకు కాదు, వెయ్యి బీడీలకు ఇంత అని.

ఈ లెక్కలో ఒక చిక్కు ఉన్నది. చేతి పనికి గంట కొట్టేవారు లేరు. వెయ్యి పూర్తి కావడమే గంట. అన్నం వండుతూ, బిడ్డను ఊయల ఊపుతూ, పొరుగింటివారితో మాటలాడుతూ కూడా వేళ్లు కదులుతూనే ఉంటాయి. ఒక పూట విశ్రాంతి తీసుకొంటే అది విశ్రాంతిగా కనిపించదు, పోయిన కూలిగా కనిపిస్తుంది. పొగాకు ధూళి ఇంటి గాలిలో, పిల్లల పక్కబట్టల్లో చేరుతుంది. పనిచోటును వదిలి వెళ్దామంటే వెళ్లవలసిన ఇల్లు కూడా అదే.

బీడీ కార్మికుల పని పరిస్థితులను గూర్చి మన దేశంలో 1966లో ఒక చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టేవారిని కూడా అది కార్మికులుగా గుర్తించడం ముఖ్యమైన విషయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి పనివారి కోసం ప్రత్యేకంగా ఒక ఒడంబడికను ఆమోదించింది. ఇంట్లో పనిచేసేవారికి ఇతర కూలీలతో సమానమైన ఆదరణ లభించాలన్నది దాని సారాంశం. ఆ సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికే ప్రపంచంలో సుమారు 26 కోట్ల మంది ఇంటినుంచి పనిచేసేవారు. అంటే కంప్యూటరు ముందు కూర్చొన్న ఉద్యోగి ఈ దారిలో మొదటివాడు కాడు. చాలా ఆలస్యంగా వచ్చినవాడు.

భోంగా మోగిన కాలం

పనినీ ఇంటినీ విడదీసినది యంత్రం. షోలాపూర్‌లో 1877లో మొదటి బట్టల మిల్లు వెలిసింది. ఊరంతటికీ వినిపించేలా మిల్లు కూత మోగేది. దానిని అక్కడివారు 'భోంగా' అనేవారు. భోంగా మోగితే లోపలికి, మళ్లీ మోగితే బయటికి. ఆ క్రమశిక్షణ కఠినమైనది. పనిగంటలు చాలా ఎక్కువగా ఉండేవి. అయితే పనికి ఒక మొదలు, ఒక తుది ఏర్పడ్డాయి. మొదలూ తుదీ ఉన్నాయి కనుకనే 'ఇన్ని గంటలు మించరాదు' అని కార్మికులు అడగగలిగారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే పరిశ్రమలలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని నియమంగా పెట్టింది. భారతదేశం 1921లో దానిని అంగీకరించింది. గడియారం మొదట యజమాని చేతిలోని కొరడా. తరువాత అదే కార్మికుని చేతిలోని కవచమయింది.

తిరిగి వచ్చిన కొలువు

1973లో అమెరికాలో జాక్ నిల్స్ అనే ఇంజనీరు ఒక కొత్త ఆలోచన చేశాడు. రోజూ వేలాది మంది కార్లలో ఇంధనం తగలబెట్టుకొంటూ కార్యాలయానికి పోవడం ఎందుకు? మనిషిని పని దగ్గరకు పంపే బదులు, టెలిఫోను తీగల ద్వారా పనినే మనిషి దగ్గరకు పంపరాదా? ఆనాడు ఈ ఆలోచన చాలామందికి వింతగా తోచింది. కంప్యూటరు, అంతర్జాలం ఇంటింటికీ వచ్చేవరకు అది కొద్దిమందికే పరిమితమైంది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 25 నుంచి మన దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. కార్యాలయాలు మూతపడ్డాయి. బెంగుళూరు, చెన్నై, పుణె, హైదరాబాదు నగరాల నుంచి ఉద్యోగులు తమ సొంత ఊళ్లకు చేరారు. వంటింటి బల్ల, మంచం అంచు, మేడమీది గది కార్యాలయాలయ్యాయి.

షోలాపూర్‌లోని ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. తాత ఒకప్పుడు గుంటమగ్గం నేసినవాడు. తల్లి ఏళ్ల తరబడి బీడీలు చుట్టి మనుమరాలిని చదివించింది. ఆ అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తూ లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చింది. మొదటి వారం పండుగలా గడిచింది. అమ్మ చేతి అన్నం, తాత కబుర్లు, ప్రయాణాల బాధ లేదు. నెల తిరిగేసరికి పరిస్థితి మారింది. నిద్ర లేవగానే ఫోనులో సందేశాలు చూడటం, పళ్లెం ముందు పెట్టుకొని సమావేశంలో కూర్చోవడం అలవాటయింది. తల్లి అన్నం మూడుసార్లు వేడి చేసి, మూడుసార్లు మూత పెట్టిన రోజులున్నాయి. ఒకనాటి రాత్రి పది గంటలకు కూడా ఆమె తెర ముందు నుంచి కదలలేదు.

తాత గుమ్మంలో నిలబడి అడిగాడు: "బిడ్డా, ఇంకా గుంటలనే ఉన్నవా?"

"గుంటేంది తాతా? కుర్చీల కూర్చున్న గదా!"

"మాకు గుంటలకెల్లి లేస్తే పని అయిపోయినట్టు. నీ పెట్టెకు గుంట లేదు. లేసుడు నీకెట్ల తెలుస్తది?"

ముసలివాని మాటలో సమస్య అంతా ఉంది. పాత ఇంటి పనికి వెలుతురు హద్దు. మిల్లు పనికి భోంగా హద్దు. కొత్త ఇంటి పనికి రెండూ లేవు. తెర తానే వెలుగుతుంది. సందేశం ఏ వేళనైనా వస్తుంది.

ఒక ప్రయోగం చెప్పిన సంగతి

ఇంటినుంచి పని మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు ఒక ప్రయోగం చక్కని సమాధానం ఇచ్చింది. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ 2010-11లో షాంఘై నగరంలో దీనిని జరిపింది. టెలిఫోనులో ఖాతాదారులతో మాట్లాడే ఉద్యోగులలో ఇంటినుంచి పనిచేయడానికి ఇష్టపడిన సుమారు 250 మందిని తీసుకొన్నారు. పుట్టినతేది సరిసంఖ్య అయినవారు వారానికి 4 రోజులు ఇంట్లో, ఒక రోజు కార్యాలయంలో పనిచేయాలి. బేసిసంఖ్యవారు ఎప్పటిలాగే కార్యాలయానికి రావాలి. ఈ ఏర్పాటు 9 నెలలు సాగింది.

ఇంట్లో పనిచేసినవారి పని 13 శాతం పెరిగింది. అందులో పెద్ద భాగం ఎక్కువ సేపు పనిచేయడం వల్ల వచ్చినదే. విరామాలు, సెలవులు తగ్గాయి. కొంత భాగం నిశ్శబ్దం వల్ల వచ్చింది. ఉద్యోగం మానివేసేవారి సంఖ్య సగానికి తగ్గింది. సంస్థ సంతోషించి, ఇకమీదట ఎవరికి కావలసిన చోటు వారు ఎంచుకోవచ్చునని చెప్పింది. అప్పుడొక వింత జరిగింది. ప్రయోగంలో పాల్గొన్నవారిలో సగం మందికి పైగా తమ నిర్ణయాన్ని మార్చుకొన్నారు. ఇంట్లో ఒంటరితనం భరించలేక చాలామంది తిరిగి కార్యాలయానికి వచ్చారు. అంతేకాదు, అదే స్థాయిలో పనిచేసినా ఇంట్లో ఉన్నవారికి పదోన్నతులు తక్కువగా దక్కాయి.

దీనినిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఇంటి పని అందరికీ ఒకేలా నప్పదు. పని పెరిగినంత మాత్రాన పనిచేసేవాని సుఖం పెరిగిందని చెప్పలేము.

చెల్లించే మూల్యం

హద్దులేని పనికి మొదట మూల్యం చెల్లించేది శరీరం. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారిని 35-40 గంటలు పనిచేసేవారితో పోల్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనాన్ని ప్రకటించాయి. ఎక్కువ గంటలు పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం అధికమని తేలింది. ఈ కారణంగా 2016 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు 7,45,000 మంది మరణించారని ఆ అధ్యయనం అంచనా వేసింది.

రెండవది కన్ను. సాధారణంగా మనిషి నిమిషానికి పదిహేనుసార్ల వరకు రెప్పవేస్తాడు. తెరను చూస్తున్నప్పుడు రెప్పపాట్లు బాగా తగ్గుతాయి. అందువల్ల కన్ను ఎండిపోయి మండుతుంది. మూడవది నడుము. మంచం మీద బాసిపట్టు వేసుకొని, వంగి కంప్యూటరు చూసేవాని బాధకు, చేట ముందు వంగిన ఆ తల్లి బాధకు పెద్ద తేడా లేదు.

నాలుగవది స్త్రీకి ప్రత్యేకమైన భారం. 2019లో మన దేశంలో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీలో పాలుపంచుకొనే స్త్రీ అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంది. పాలుపంచుకొనే పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తాడు. కార్యాలయానికి వెళ్లిన స్త్రీ ఆ గంటలపాటైనా వంటింటికి దూరంగా ఉంటుంది. ఇంట్లోనే ఉన్న స్త్రీని మాత్రం అందరూ 'ఖాళీగానే ఉంది కదా' అనుకొంటారు. ఇల్లు పనిచోటయినప్పుడు ఇంట్లోని అందరూ దానిని పనిచోటుగా గుర్తించకపోతే ఆ భారమంతా ఒక్కరి మీదనే పడుతుంది.

ఎరుకతో పని

'ఎరుక' అచ్చమైన తెలుగు మాట. తాను ఏమి చేస్తున్నదీ చేస్తున్నప్పుడే తెలిసి ఉండటం ఎరుక. పడుగులో ఒక పోగు తెగినప్పుడు నేతగానికి వెంటనే తెలియాలి. తెలియకపోతే తప్పు బట్టలో కలిసిపోతుంది. అందుచేత అతడు చేయి ఆడుతున్నా చూపును పోగుల మీదనే ఉంచుతాడు. మన మనసు అనే మగ్గానికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఒక పనిని సగంలో వదిలి మరొక పనికి వెళ్లినప్పుడు మనసులో కొంత భాగం పాత పనినే పట్టుకొని ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రకటించిన అధ్యయనంలో చూపింది. ఆ మిగులు వల్ల కొత్త పని మందగిస్తుంది. లెక్క చేస్తూ మధ్యమధ్య ఫోను చూసే విద్యార్థికి లెక్క ఎందుకు ఎక్కదో దీనినిబట్టి గ్రహించవచ్చు. కాబట్టి ఒకసారి ఒకే పని పెట్టుకోవడం ఎరుకలో మొదటి మెట్టు. మధ్యలో లేవవలసి వస్తే 'ఇక్కడిదాకా అయింది, తరువాత ఇది చేయాలి' అని ఒక్క వాక్యం రాసిపెట్టుకొంటే మనసు తేలికపడుతుంది.

రెండవ మెట్టు చోటు. ప్రత్యేకమైన గది అందరికీ ఉండదు. ఒక మూల చాలు. అయితే ఆ మూల పనికే ఉండాలి. పడక మీద పని, పని బల్ల మీద భోజనం కూడదు. తెర చేతికి అందేంత దూరంలో, దాని పై అంచు కంటి ఎత్తుకు మించకుండా ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి. కుర్చీ తగినది కాకపోతే నడుము వెనుక ఒక మడిచిన దుప్పటి పెట్టుకొన్నా మేలే.

మూడవ మెట్టు విరామం. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును, 20 సెకన్లపాటు చూడమని కంటి వైద్యులు చెబుతారు. గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలపాటు చెమట పట్టే నడక వంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు కనీసం 7 గంటల నిద్ర పెద్దలకు అవసరం. నేతగాడు పడుగు దువ్వడానికి వీధిలోకి వెళ్లినట్లే, తెర ముందు కూర్చొనేవారు కూడా ఏదో ఒక మిషతో వీధిలోకి వెళ్లాలి.

నాలుగవ మెట్టు ముగింపు. ఇదే అన్నిటికంటె కష్టమైనది. ఆ ఇంటి మనుమరాలు తాత మాట విన్న మరునాడు తన సమయాన్ని కాగితం మీద రాసి చూసుకొన్నది. ఉదయం నుంచి రాత్రి వరకు 13 గంటలు ఆమె 'పనిలో' ఉన్నది. అందులో నిజంగా పనిచేసినది 8 గంటలు. మిగతా 5 గంటలు పని కాదు, విశ్రాంతి కూడా కాదు. ఊరికే అందుబాటులో ఉండటం! సాయంత్రం ఏడు తరువాత వచ్చిన సందేశాలను మరునాడు ఉదయమే చూస్తానని, అత్యవసరమైతే ఫోను చేయమని తన పై అధికారికి ఆమె మర్యాదగా రాసింది. ఆయన అంగీకరించాడు. ఆమె వెంటనే జవాబు ఇస్తున్నది కనుకనే తాను కూడా రాత్రిపూట రాస్తున్నానని ఒప్పుకొన్నాడు. ఒకరినొకరు చూసి ఇద్దరూ మేల్కొని ఉన్నారన్న మాట.

అన్నిచోట్లా అధికారులు ఇలా అంగీకరించరు. అందుకే ఈ విషయాన్ని వ్యక్తుల మంచితనానికే వదలకుండా కొన్ని దేశాలు చట్టాలు చేశాయి. పనివేళ ముగిశాక సందేశాలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్సు 2017లో అమలులోకి తెచ్చింది. ఆస్ట్రేలియాలో ఇటువంటి నియమం 2024లో వచ్చింది. 1919లో ఎనిమిది గంటల నియమం మిల్లు కార్మికునికి ఏమి ఇచ్చిందో, ఈ చట్టాలు తెర ముందున్న ఉద్యోగికి అదే ఇవ్వాలని చూస్తున్నాయి.

చివరి మెట్టు పంచుకోవడం. ఆ ఇంట్లో తమ్ముడు నీళ్లు పట్టడం, గిన్నెలు కడగడం తన వంతుగా తీసుకొన్నాడు. తల్లికి కూడా ఒక పూట సెలవు ఏర్పరచారు. ఆమె మొదట ఒప్పుకోలేదు. "ఊరికె కూసుంటే చేతులు గుంజుతయి" అన్నది. నాలుగు వారాల తరువాత ఆ పూట కోసం ఎదురుచూడసాగింది. ఇన్నేళ్ల బీడీల లెక్కలో ఆమె పేరు మీద ఒక్క సెలవు కూడా లేదని ఆ ఇంట్లో అందరికీ అప్పుడే తెలిసింది.

ఇప్పుడు సాయంత్రం ఏడు కాగానే మనుమరాలు కంప్యూటరు మూసి, దాని మీద షోలాపూర్ తువ్వాలు కప్పి, అలమరలో పెడుతుంది. తాత చేయి పట్టుకొని వీధి చివరిదాకా నడిచి వస్తుంది. ఆయుధపూజనాడు ఆ ఇంట్లో తాత దాచుకొన్న పాత నాడె పక్కన కంప్యూటరును కూడా పెట్టి బొట్టు పెట్టారు. ఆ రోజు రెండింటికీ సెలవే.

పని మనిషికి అన్నం పెడుతుంది, గౌరవం తెస్తుంది. దానిని ప్రేమించవలసిందే. అయితే మగ్గం ఇంట్లో ఉండాలి గాని, ఇల్లు మగ్గంలో ఉండరాదు. గుంట లేని పనికి గుంటను మనమే తవ్వుకోవాలి. అందులోనుంచి వేళకు లేవడమూ మనమే నేర్చుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు

కొలువు = ఉద్యోగం
పడుగు = బట్టలో నిలువుగా ఉండే దారాలు
పేక = బట్టలో అడ్డంగా నేసే దారం
నాడె = పేక దారాన్ని అటూ ఇటూ తీసుకొనిపోయే నేత సాధనం
కండె = నాడెలో పెట్టడానికి దారం చుట్టిన చిన్న గొట్టం
భోంగా = మిల్లు కూత
ఒడంబడిక = ఒప్పందం
మహమ్మారి = దేశదేశాలకు వ్యాపించే అంటురోగం
మూల్యం = వెల
మిష = నెపం, సాకు
ఎరుక = తెలివిడి, స్పృహ

అభ్యాసాలు

అ) కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. గుంటమగ్గం పనికి ఉన్న సహజమైన హద్దులు ఏవి?
2. వెయ్యికి ఇంత అని కూలి ఇచ్చే పద్ధతిలో విశ్రాంతి నష్టంగా ఎందుకు కనిపిస్తుంది?
3. "గడియారం మొదట యజమాని చేతిలోని కొరడా, తరువాత అదే కార్మికుని చేతిలోని కవచమయింది." ఈ వాక్యాన్ని వివరించండి.
4. తాత అన్న "గుంట" మాటలోని అంతరార్థం ఏమిటి?

ఆ) కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. షాంఘై ప్రయోగాన్ని వివరించి, దానివల్ల తెలిసిన విషయాలను రాయండి.
2. ఇంట్లో పనిచేసే స్త్రీకి కలిగే ప్రత్యేకమైన భారం ఎట్టిది? దానిని కుటుంబం ఎలా తగ్గించవచ్చు?
3. "మగ్గం ఇంట్లో ఉండాలి గాని, ఇల్లు మగ్గంలో ఉండరాదు." దీనిని మీ చదువుకు అన్వయించి రాయండి.

ఇ) వ్యాకరణాంశాలు

1. గమనించండి:
మొదలైన = మొదలు + ఐన (ఉత్వ సంధి)
ఏమిటంటే = ఏమిటి + అంటే (ఇత్వ సంధి)
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం (సవర్ణదీర్ఘ సంధి)

2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, పేర్లు తెలపండి.
పడుగుపేకలు, ఆయుధపూజ, పసుపు కుంకుమలు, నాలుగు అడుగులు

3. పాఠంలో తాత, మనుమరాలు, తల్లి మాట్లాడిన వాక్యాలను గుర్తించి, వాటిని మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మార్చి రాయండి. మీ ఊరి తెలుగుకూ, పాఠంలోని తెలుగుకూ ఉన్న భేదాలను తరగతిలో చర్చించండి.

ఈ) నియోజనం

మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని ఇంట్లోనే పనిచేసేవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి. కుట్టుపని, నేత, అప్పడాలు, పూలు కట్టడం, కంప్యూటరు పని వంటివి ఏవైనా కావచ్చు. వారి అనుమతితో ఒక రోజు వారి సమయాన్ని గమనించి, పని ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు ఆగింది, ఎప్పుడు ముగిసింది అన్న వివరాలతో ఒక పట్టిక తయారు చేయండి. ఆ పట్టికను వారికే చూపించి, వారేమన్నారో మీ మాటల్లో రాయండి.